రోజుకొక్క తప్పు

"కృష్ణా నది పుట్టింది నాసిక్ దగ్గర!"

తొమ్మిదో తరగతి బి సెక్షన్ లోంచి ఆ మాట వినబడగానే నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

నేను పక్కగదిలో ఎ సెక్షన్‌కి లెక్కలు చెబుతున్నాను. చెబుతున్నానంటే, బోర్డు మీద నేను రాసుకుంటూ పోతున్నాను, నా వెనకాల పిల్లలు కునికిపాట్లు పడుతున్నారు. ఉయ్యూరులో భోజనాల తర్వాతి పీరియడ్ అంటే అంతే. పంచదార ఫ్యాక్టరీ వైపు నుంచి తియ్యటి మడ్డి వాసన, పైన ఫ్యాను చప్పుడు, బోర్డు మీద బీజగణితం. ఒక్కోసారి నాకే ఆవులింత వస్తుంది.

కానీ నాసిక్ ఏమిటండీ! కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. ఆ నది నాసిక్‌లో పుట్టిందని మా పిల్లలకే చెబుతారా? కొత్తగా చేరిన సోషల్ మేడం గొంతు అది. పేరు జెస్సికా అని స్టాఫ్ రూంలో విన్నాను. ఎవరు ఇంటర్వ్యూ చేశారో, ఎలా తీసుకున్నారో అనుకుంటూ గబగబా బి సెక్షన్ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఎక్స్‌క్యూజ్ మీ మేడం. నాసిక్ దగ్గర పుట్టింది గోదావరి. కృష్ణ పుట్టింది మహాబలేశ్వర్‌లో," అన్నాను, చాలా మర్యాదగానే.

థాంక్స్ చెబుతుందనుకున్నాను. క్లాసు క్లాసంతా "సా...ర్!" అని నా మీద విరుచుకుపడింది. మధ్య బెంచీలో చిన్ని అనే అమ్మాయి అప్పటికే లేచి నిలబడి ఉంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది, మొహం మాత్రం ఏడుపు మొహం.

"నేను చెప్పబోతున్నాను సార్! మీరెందుకొచ్చారు మధ్యలో?"

నాకేమీ అర్థం కాలేదు. తప్పు చెప్పింది మేడం. సరిదిద్దింది నేను. మరి దొంగని చూసినట్టు నన్ను చూస్తారేమిటి?

మేడం కిటికీ దగ్గరికి వచ్చింది. నవ్వు ఆపుకుంటోందని కళ్ళు చూస్తే తెలుస్తోంది.

"మీరు?"

"నతానియేలు. మాథ్స్."

"నతానియేలు గారూ, మా క్లాసులో ఒక రూల్ ఉందండి. రోజుకి ఒక తప్పు చెబుతాను. ఒక్కటే. మిగతావన్నీ నిజాలు. ఎక్కడ తప్పు చెప్పానో పట్టుకున్నవాళ్ళు 'దొరికింది' అని అరవాలి. పట్టుకుంటే నా కుర్చీలో కూర్చోవచ్చు. నిజాన్ని పట్టుకుని తప్పంటే మాత్రం బెల్లు కొట్టేదాకా నోరెత్తకూడదు."

"అయితే మరి నేను పట్టుకున్నాను కదా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మీరు ఈ క్లాసు స్టూడెంట్ కాదు కదండీ."

బి సెక్షన్ పగలబడి నవ్వింది. నేను వెనక్కి వచ్చేసరికి ఎ సెక్షన్‌లో అందరూ మేలుకుని ఉన్నారు. కిటికీ లోంచి నా పరువు పోవడం చూడటానికి లేచారట.

*

సాయంత్రం విజయవాడ బస్సులో ఆమె నా ముందు సీట్లోనే కూర్చుని ఉంది. ఆమెది పోరంకి, నాది పటమట. ఇద్దరికీ అదే పల్లెవెలుగు.

"కోపమా సార్?" అంది వెనక్కి తిరిగి.

"కోపం కాదు, అయోమయం. పిల్లలకి తప్పు చెప్పడం ఏం పద్ధతండీ? అదే గుర్తుండిపోతే?"

"తప్పు పట్టుకోవాలంటే ముందు రోజే పాఠం చదువుకుని రావాలి. చదువుకొస్తున్నారు. చదవమని నేనెప్పుడూ చెప్పలేదు," అంది. "జవాబులన్నీ మనమే చెప్పేస్తే వాళ్ళకి ఇంకేం పనుంటుంది సార్, నిద్ర తప్ప?"

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నదో, మామూలుగా అన్నదో తెలియలేదు.

"మీకు కూడా రోజుకి ఒక తప్పు చెబుతాను. పోరంకి వచ్చేలోపు పట్టుకోండి," అంది.

అలా మొదలయ్యాయి నా తిప్పలు. బస్సు ఎక్కగానే కబుర్లు చెప్పేది. వాళ్ళ నాన్నగారు ఆమోసు గారు రిటైరైన టీచరని, అమ్మ పేరు మార్త అని, తనకి బెండకాయ వేపుడంటే ప్రాణమని, చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసి స్టేజీ మీదే నిద్రపోయానని. అందులో ఏదో ఒకటి అబద్ధం. ఏది? గొర్రెపిల్ల అన్నాను. కాదట, బెండకాయట. అది చూస్తేనే వాంతి వస్తుందట.

రాను రాను ఏదీ నమ్మలేని స్థితికి వచ్చాను. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, ఒకరోజు కండక్టర్ ఆధార్ అడిగితే తీసి చూపించింది. నేను మెడ సాచి మరీ చూశాను.

"ఏంటి సార్ అలా చూస్తున్నారు?"

"మీ పేరు జెస్సికాయేనా అని."

కండక్టర్ నన్ను అనుమానంగా చూశాడు. ఆమె కంకిపాడు దాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు కోసం మర్నాడు కూడా ఏదో ఒక తెలివితక్కువ మాట అనాలనిపించింది. అనేవాణ్ణి కూడా.

*

ఆ పద్ధతేదో నేనూ చూద్దామనుకున్నాను. ఎ సెక్షన్‌లో బోర్డు మీద a ప్లస్ b హోల్ స్క్వేర్ ఈక్వల్స్ a స్క్వేర్ ప్లస్ b స్క్వేర్ అని పెద్ద అక్షరాలతో రాశాను. 'దొరికింది' అనే అరుపు కోసం ఎదురుచూస్తూ కింద లెక్కలు కూడా అలాగే చేసుకుంటూ పోయాను. బెల్లు కొట్టింది. ఒక్కరూ అరవలేదు. అందరూ శుభ్రంగా నోట్సులో ఎక్కించుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఒక తండ్రి హెడ్మాస్టర్ రామకోటేశ్వరరావు గారి గదిలో కూర్చుని ఉన్నాడు.

"అది నేను కావాలని చేసిన తప్పు సార్," అన్నాను.

"దొరికిపోయాక అందరూ అదే అంటారయ్యా," అన్నారు హెడ్మాస్టర్ గారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ. ఆయన నోటి వెంట మెచ్చుకోలు మాట విన్నవాళ్ళు మా స్కూల్లో లేరు.

బస్సులో ఇదంతా చెప్పుకుని వాపోతే జెస్సికా నవ్వలేదు.

"తప్పు చెప్పాక ఆగారా?"

"ఎందుకు ఆగడం?"

"ఆగి వాళ్ళ మొహాల్లోకి చూడాలి సార్. ఎవరి కనుబొమలు ముడిపడ్డాయో, ఎవరు పక్కవాళ్ళని గోకుతున్నారో చూడాలి. మీరు బోర్డునే చూస్తూ పోతే ఎలా?"

నిజమే, నేను ఏ మొహమూ చూడలేదు. ఇన్నేళ్ళుగా నా పాఠం విన్నది ఆ నల్లబోర్డు ఒక్కటే.

మర్నాడు ఎ సెక్షన్‌ని బయటికి తీసుకెళ్ళి నేల మీద పెద్ద చదరం గీశాను. ప్రతి భుజాన్నీ a అంత, b అంత రెండు ముక్కలుగా కొలిచి అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టాను. a స్క్వేర్ గడిలో కొంతమందిని, b స్క్వేర్ గడిలో కొంతమందిని నిలబెట్టి, "ఇంతే కదా, చదరం నిండిపోయింది కదా," అన్నాను. ఈసారి ఆగాను. మొహాలు చూశాను. ముందు గుసగుస, తర్వాత తోపులాట.

"సార్! ఈ రెండు గళ్ళలో ఎవరూ లేరు సార్!"

"దొరికింది! దొరికింది!"

ఖాళీగా మిగిలిన ఆ రెండు గళ్ళే 2ab. పిల్లలు వాటిలోకి ఎగిరి దూకారు. ఆ గోలకి అన్ని క్లాసుల వాళ్ళూ కిటికీల దగ్గరికి వచ్చారు. బి సెక్షన్ కిటికీ దగ్గర జెస్సికా నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు. ఊరికే చూస్తూ ఉంది. నాకు ఎందుకో చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ఆ రోజే నాకు తెలిసిపోయింది. ఈ అమ్మాయి లేని బస్సులో నేను ఇంటికి వెళ్ళలేను. కానీ ఆ చూపుకి అర్థమేమిటి? లెక్క నచ్చిందా, లెక్కల మాస్టారు నచ్చాడా? అడుగుదామంటే, ఆవిడ చెప్పే జవాబు నిజమో, ఆ రోజు కోటా తప్పో ఎలా తెలియాలి?

*

గురువారం వాయుగుండం. పొద్దుటినుంచీ ఒకటే వాన. కంకిపాడు దగ్గర చెరుకు ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా దిగబడిపోయి బస్సు ఆగిపోయింది. అద్దాలన్నీ మూసేశారు. ఆమె నా పక్క సీట్లో, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ తప్పు కాస్త కష్టం సార్. జాగ్రత్తగా వినండి," అంది.

"చెప్పండి."

"హెడ్మాస్టర్ గారు మీ క్లాసుని మెచ్చుకున్నారు. ఈ గొడుగు మా అమ్మది. ఆదివారం నన్ను చూసుకోడానికి గుడివాడ నుంచి వస్తున్నారు, అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. ఆ సంబంధం నాకు ఇష్టమే."

నాకు నవ్వొచ్చేసింది. పెళ్ళిచూపులట! ఇంత తేలికైన తప్పా?

"దొరికింది! పెళ్ళిచూపులు! గుడివాడా లేదు, బ్యాంకూ లేదు!"

ఆమె నవ్వలేదు. ట్రాక్టర్ని తీసినట్టున్నారు, బస్సు కదిలింది.

"పెళ్ళిచూపులు అబద్ధమైతే, ఆ సంబంధం ఇష్టమనేది కూడా అబద్ధమే అవుతుంది కదా. అప్పుడు రెండు తప్పులు. రోజుకి ఒకటే అని చెప్పాను. మీరు లెక్కల మాస్టారు సార్."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పోరంకి వచ్చేసింది. దిగేముందు గొడుగు నా ఒళ్ళో పెట్టింది.

"మీరు పటమటలో దిగి చాలా దూరం నడవాలి. ఉంచుకోండి."

"మరి మీరు?"

"నిజాన్ని పట్టుకుని తప్పన్నారు. ఇక బెల్లు కొట్టేదాకా మీరు మాట్లాడకూడదు."

"బెల్లు ఎప్పుడు?"

"ఆదివారం," అని వానలోకి దిగి వెళ్ళిపోయింది.

*

ఇంటికి రాగానే మా అమ్మ సువార్తమ్మ గొడుగు అందుకుని పిడి తిప్పి చూసింది. చర్చి వరండాలో గొడుగులు కలిసిపోతాయని మా వాళ్ళు పిడి మీద గోళ్ళరంగుతో పేరు రాసుకుంటారు. దీని మీద ఎర్రగా 'మార్త' అని ఉంది.

"ఇది పోరంకి మార్తమ్మ గారిది కాదూ? స్త్రీల కూడికకి వస్తుంది. నీ దగ్గరికెలా వచ్చిందిరా?"

"వాళ్ళమ్మాయి మా స్కూల్లో పనిచేస్తుందమ్మా."

"ఓ, ఆ పిల్లకేనా ఆదివారం గుడివాడ సంబంధం వస్తోంది! మార్తమ్మ ప్రార్థన చేయించింది కూడా. బ్యాంకబ్బాయి అంట."

నేను తడి చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాను. గొడుగు నిజం. గుడివాడ నిజం. ఇక మిగిలినవి రెండు. హెడ్మాస్టర్ గారి మెచ్చుకోలు ఒకటి, ఆ సంబంధం ఇష్టమే అన్న మాట ఒకటి. రెండింట్లో ఒకటే తప్పు.

అంటే హెడ్మాస్టర్ గారు నన్ను మెచ్చుకుని ఉంటే, జెస్సికాకి ఆ సంబంధం ఇష్టం లేదు. మెచ్చుకోకపోతే, ఇష్టమే. నా జీవితం మొత్తం వెళ్ళి రామకోటేశ్వరరావు గారి నోటి మీద కూర్చుంది. ఆయన నోటి సంగతి ఇందాకే చెప్పాను.

ఆమెనే సూటిగా అడిగెయ్యొచ్చు కదా అని మీరనవచ్చు. ఇష్టమే అంటే? ఆ మాట ఆమె నోటి నుంచి రెండోసారి వినే ధైర్యం నాకు లేదు.

శుక్రవారం హెడ్మాస్టర్ గారు మీటింగుకని మచిలీపట్నం వెళ్ళారు. స్టాఫ్ రూంలో జెస్సికా ఎదురుగా కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది. నేను రూల్ ప్రకారం నోరెత్తలేదు. టీ గ్లాసు ఆమె వైపు జరిపాను. తీసుకుంది. తీసుకోవడంలో ఏమైనా అర్థముందా? వట్టి టీయేనా? ఆ రోజు నేను ఏ క్లాసుకి ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

శనివారం హెడ్మాస్టర్ గారు స్కూటరు స్టాండు వెయ్యకముందే వెళ్ళి నిలబడ్డాను.

"సార్, నా క్లాసు గురించి మీరు ఎవరితోనైనా ఏమైనా అన్నారా?"

"అనకేం? మొన్న ఆ గోలేమిటయ్యా! ఇది స్కూలా, చేపల మార్కెట్టా అన్నాను."

అయిపోయింది. ఆమెకి ఇష్టమే. గుడివాడ, బ్యాంకు, అంతా ఇష్టమే.

"సరే సార్," అని వెనక్కి తిరిగాను.

"పూర్తిగా విను మరి," అన్నారాయన హెల్మెట్ తీస్తూ. "ఆ సోషల్ మేడం పక్కనే ఉంది. నతానియేలు క్లాసు ఇలా గోల చేస్తోందంటే పిల్లలు నిద్ర లేచారన్నమాట, కుర్రాడు దారిలో పడ్డాడు, బాగుంది అన్నాను. నీతో చెప్పొద్దన్నాను కూడా. నెత్తికెక్కుతుంది."

"మెచ్చుకున్నారా సార్? నిజంగా మెచ్చుకున్నారా?"

"ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?"

"వద్దు సార్! బాబ్బాబు, వద్దు!" అని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాను. ఆయన హెల్మెట్ కింద పడింది. తీసివ్వకుండానే పరుగెత్తాను.

*

బి సెక్షన్ కిటికీ. అదే కిటికీ. వాన జల్లు వీపు మీద కొడుతోంది. లోపల జెస్సికా బోర్డు మీద ఏదో రాస్తోంది.

"దొరికింది!" అని అరిచాను.

క్లాసంతా తిరిగి చూసింది. చిన్ని లేచి నిలబడింది.

"సార్, మేడం ఇంకా తప్పేమీ చెప్పలేదు!"

"ఇవాళ్టిది కాదమ్మా. గురువారంది."

జెస్సికా సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఈసారి నేను బోర్డు వైపు చూడలేదు. ఆమె మొహంలోకే చూశాను. గురువారం ఆ బస్సులో చూడాల్సింది, చూడలేదు.

"పిల్లలూ, మ్యాపులు తియ్యండి. కృష్ణా డెల్టాలో కాలవలు గుర్తించండి," అని చెప్పి వరండాలోకి వచ్చింది.

"ఏది సార్?" అంది మెల్లిగా.

"చివరిది. ఇష్టమే అన్నది."

"జవాబు ఒక్కటే చాలదు. స్టెప్సు కూడా చెప్పాలి."

"గొడుగు మీ అమ్మగారిదే, పిడి మీద పేరుంది. గుడివాడ వాళ్ళు వస్తున్నారు, మా అమ్మ చెప్పింది. హెడ్మాస్టర్ గారు మెచ్చుకున్నారు, ఇప్పుడే ఆయన చెయ్యి విరిచినంత పనిచేసి వచ్చాను. ఇక మిగిలింది అదొక్కటే." ఊపిరి పీల్చుకున్నాను. "జెస్సికా గారూ, నేనూ ఒక మాట చెబుతాను. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఇందులో తప్పేమీ పెట్టలేదు, వెతక్కండి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతోంది కూడా. నాకు మళ్ళీ అయోమయం.

"ఆ రోజు మీరు నవ్వేసరికి, ఇక పట్టుకోరేమో అనుకున్నాను," అంది. "చెప్పేద్దామా అని రెండు రోజులుగా నోటిదాకా వస్తోంది. నేను చెప్పేస్తే అది మీ జవాబు కాదుగా."

"మరి నేను పట్టుకున్నాను కదా. కుర్చీ?"

"ఆ కుర్చీ ఇక్కడ లేదు సార్. మా ఇంట్లో ఉంది. సాయంత్రం రండి."

*

పోరంకిలో వాళ్ళింటి వరండాలో ఆమోసు గారు పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రిటైరైనా టీచరేనని చూడగానే తెలుస్తోంది.

"వందనాలండి. గొడుగు ఇచ్చి వెళదామని..." అన్నాను.

"వందనాలు బాబూ. గొడుగు కోసమేనా?"

"కాదండి," అన్నాను. మార్తమ్మ గారు నా చేతికి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళారు. కూర్చోమని ఎవరూ అనలేదు. కూర్చోడానికి ఇంకో కుర్చీ కూడా లేదు. తలుపు పక్కన జెస్సికా నిలబడి ఉంది.

"ఈ రోజుకొక్క తప్పు పద్ధతి నాదే," అన్నారు ఆమోసు గారు. "మా అమ్మాయికి పాఠాలు అలాగే చెప్పేవాణ్ణి. ఇప్పుడు నీకు చెబుతాను. మూడు మాటలు. గుడివాడ వాళ్ళకి పొద్దున్నే ఫోన్ చేసి రావద్దన్నాను. నీ కాఫీలో పంచదార వెయ్యలేదు. నువ్వు నాకు నచ్చలేదు. ఏది తప్పు?"

కాఫీ ఒక గుక్క తాగాను. చేదు విషం. పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో పనిచేస్తూ ఇంత చేదు కాఫీ ఎన్నడూ తాగలేదు. అది నిజమే. మిగిలినవి రెండు. ఫోన్ చెయ్యలేదా, నేను నచ్చానా? ఫోన్ చేసి, నేనూ నచ్చలేదా? అలా అయితే తప్పే ఉండదు కదా! నా బుర్ర వేడెక్కిపోయింది.

లోపల్నుంచి మార్తమ్మ గారి గొంతు వినిపించింది. "ఏవండీ, వాళ్ళు రావట్లేదన్నాక ఈ మినప్పిండి ఏం చెయ్యమంటారు? సున్నుండలు చుట్టనా, మాననా?"

"మార్తా! పరీక్షలో అందించకూడదు!" అని అరిచారు ఆమోసు గారు.

జెస్సికా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కానీ అంకుల్, నేను సాయంత్రం వస్తానని మీకు పొద్దున్నే ఎలా తెలుసు?"

"తెలియదు. గొడుగు నీ చేతికిచ్చి ముద్దగా తడిసి ఇంటికొచ్చిన పిల్ల, గుడివాడ సంబంధం ఇష్టమే అంటే నమ్ముతానా? ఆ రాత్రే తప్పు పట్టుకున్నాను. ఆగి, దాని మొహం చూశాను. ఫోన్ చేసింది దాని కోసం, నీ కోసం కాదు. నువ్వు పట్టుకుంటావో లేదో అన్నది నీ పరీక్ష," అన్నారాయన. "ఇంకా జవాబు చెప్పలేదు."

గ్లాసు అరుగు మీద పెట్టాను.

"దొరికింది సార్. మూడోది."

ఆమోసు గారు కాసేపు నా మొహంలోకి చూశారు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లిగా లేచి, పక్కకి జరిగి, తన కుర్చీ చూపించారు.

"కూర్చో బాబూ."